అడివి బాపిరాజు చారిత్రక నవలలు: మన కర్నూలు వైపు పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూల్లో పుస్తకాలు చేతులు మార్చుకుంటూ చదువుకునే చిన్న గుంపు మాది. బాపిరాజు నవల ఒకటి మాలో తిరగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ అవే సందేహాలు అడుగుతున్నారు. ఆదోని నుంచి ఒకరు, నంద్యాల నుంచి ఒకరు, కడప నుంచి ఇంకొకరు. ఫోన్లో టైపు చేసి చేసి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా ఉంటుంది. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళిపోండి.

## మొదలుపెట్టక ముందు

బాపిరాజంటే బొమ్మలేసే బాపూనా సార్?

కాదు. బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ, పుట్టింది 1933లో. అడివి బాపిరాజు ఆయన కంటే ఒక తరం పైన. అయితే ఈయనా బొమ్మలు వేసేవాడే, అదీ మామూలుగా కాదు. అందుకే ఈ తికమక.

అసలు ఈయన ఎవరు? నాలుగు ముక్కల్లో చెప్పండి.

1895 అక్టోబరు 8న భీమవరంలో పుట్టారు. రాజమండ్రి కాలేజీలో చదివారు. అక్కడి ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చుట్టూ చేరిన కుర్రాళ్ళలో ఈయనొకరు. అదే గుంపులోని దామెర్ల రామారావు పెద్ద చిత్రకారుడయ్యాడు. బాపిరాజు సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళారు, లా చదివి కొన్నాళ్ళు ప్లీడరీ చేశారు, బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు, తొలినాటి సినిమాలకు కళాదర్శకత్వం చేశారు, హైదరాబాదులో ‘మీజాన్’ దినపత్రికకు సంపాదకుడయ్యారు. ఇన్ని పనుల మధ్య పాటలు రాశారు, కథలు రాశారు, బొమ్మలు వేశారు. 1952 సెప్టెంబరు 22న పోయారు. అప్పటికి 57 ఏళ్ళు కూడా నిండలేదు.

నవలాకారుడిగా పేరు తెచ్చింది ‘నారాయణరావు’. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన పోటీలో బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’తో కలిపి పంచుకున్న నవల అది. పంచుకున్న రెండింటిలో ఒకదాని పేరు ఇవాళ అందరికీ తెలుసు. రెండోదాని పేరు చెబితే ‘ఎవరి నవల?’ అంటారు.

ఆయన గోదావరి మనిషి కదన్నా, మన సీమకేం సంబంధం?

‘గోన గన్నారెడ్డి’ తెరవండి. కథ ఓరుగల్లులో మొదలు కాదు, మన ఆదోనిలో మొదలవుతుంది. ఆదవోని ప్రభువు కోటారెడ్డి కూతురు అన్నాంబిక పెళ్ళి. కోటంతా సందడి. ఆ పెళ్ళి మీదికి గజదొంగ గన్నారెడ్డి మనుషులతో వచ్చి పడతాడు. నగలు దోచుకుపోతాడేమో అనుకుంటాం. పెళ్ళికూతుర్ని ఎత్తుకుపోతాడేమో అనుకుంటాం. అతను ఎత్తుకుపోయేది పెళ్ళికొడుకుని!

ఆ నవల వచ్చిన 1940లలో ఆదోని మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు మన జిల్లాలోకి వచ్చాయి. అది చూడ్డానికి బాపిరాజు లేరు. భీమవరం మనిషి రాసిన కాకతీయ నవలకు తలుపు మన ఊరి కొండ కింద ఉందంటే, మనం చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

అంత మంచి రచయితయితే ఎందుకు మర్చిపోయారు?

ఒక్క కారణం చెప్పలేం. నాకు తోచినవి చెబుతాను. ఆయన పోయిన కొన్నేళ్ళకే వారపత్రికల సీరియల్ యుగం వచ్చింది. ప్రతి వారం చివర్న ఒక మలుపు ఉండాలి. ఆ వేగానికి అలవాటు పడ్డ కంటికి, హీరోయిన్ తలలో పూల జడ గురించి ఒక పేజీ రాసే రచయిత నెమ్మదిగా కనిపిస్తాడు. రెండోది, ఆయన ఏ గూటికీ చెందలేదు. భావకవుల్లో కలపబోతే నవలలు అడ్డం. జాతీయోద్యమ రచయిత అందామంటే ఈ రాజులూ రాణులూ అడ్డం. పాఠ్యపుస్తకాల వాళ్ళకు ఏదో ఒక గూడు కావాలి.

ఇంకోటి, మనవాళ్ళు ఆయన్ని ‘బాపి బావ’ అని ముద్దుగా తల్చుకున్నారు. ముద్దు చేసిన మనిషిని గంభీరంగా చదవాలని మనకు చప్పున తోచదు.

చరిత్ర కావాలంటే చరిత్ర పుస్తకమే చదవొచ్చు కదా?

చదవండి, తప్పకుండా. రాజులూ యుద్ధాలూ తేదీలూ అందులోనే సరిగ్గా ఉంటాయి. బాపిరాజు దగ్గర దొరికేది వేరు. ఆయన చిత్రకారుడి కన్నుతో రాస్తాడు. ఒక మనిషి గదిలోకి వస్తే ఏ వైపు నుంచి వెలుగు పడుతోంది, పైట ఎటు జారింది, మొలకు కట్టిన కత్తి ఒర మీద ఏం పని చేసి ఉంది, ఇవి ముందు కనిపిస్తాయి, తర్వాతే మాట వినిపిస్తుంది. శాతవాహనుల కాలపు ఆడవాళ్ళ నగలూ జడలూ ఆయన నవలలో చదివి, తర్వాత మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడండి. రాతిలో ఉన్నవాళ్ళు తెలిసినవాళ్ళలా కనిపిస్తారు.

## పుస్తకం చేతికి వచ్చేదాకా

ఏ నవలతో మొదలుపెట్టాలి?

మన వైపు వాళ్ళయితే ‘గోన గన్నారెడ్డి’. పరుగు ఎక్కువ, గుర్రాలెక్కువ, ఊళ్ళ పేర్లు సగం తెలిసినవే. కాకతీయ రుద్రమదేవి పాలన తొలినాళ్ళ కథ.

కాస్త ఓపికుంటే ‘హిమబిందు’. శాతవాహనుల ధాన్యకటకం, శిల్పి అయిన హీరో, కోటీశ్వరుడైన వర్తకుడి కూతురు, మధ్యలో ఒక విషకన్య. మొదట్లోనే ఎడ్లబండ్ల పందెం ఉంటుంది. మన పల్లెల్లో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినవాళ్ళు ఆ పందెంలోని ఒంగోలు గిత్తల్ని వదలరు.

‘అడవి శాంతిశ్రీ’ ఇక్ష్వాకుల విజయపురి కథ. ‘అంశుమతి’ వేంగీ చాళుక్యుల తొలి రోజులది. ఈ రెండూ తర్వాత చదవొచ్చు. ‘అడవి శాంతిశ్రీ’తో మొదలుపెట్టి ఆగిపోయినవాళ్ళు మాలో ఉన్నారు. బాగుంటుంది గానీ మొదటిసారికి బరువు.

కర్నూల్లో షాపులన్నీ తిరిగినా లేదన్నారు. ఎక్కడ దొరుకుతుంది?

స్కూలు గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే షాపుల్లో దొరకదు, అక్కడ వెతకొద్దు. ముందు మీ దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో పాత బీరువాలు అడగండి. కంప్యూటర్లో లేదన్నా సరే, బీరువాలో ఉండొచ్చు. నేను చదివిన ప్రతి అలాంటిదే. ఖాకీ రంగు కాలికో బైండు, వీపు మీద తెల్ల సిరాతో నంబరు, వెనక అట్ట లోపల అతికించిన తేదీల కాగితం. ఆ కాగితం మీద పాత ముద్రలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కిక్కిరిసి ఉంటాయి. కింద సగం ఖాళీ. ఒకప్పుడు ఎంతమంది తీసుకెళ్ళారో, తర్వాత ఎలా ఆగిపోయారో ఆ ఒక్క కాగితమే చెబుతుంది.

కొనాలంటే జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం మంచి అదను. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పేరు ఒక్కటే చూసి ఆర్డరు పెట్టొద్దు. ‘సంక్షిప్తం’ అని ఎక్కడైనా ఉందేమో చూసుకోండి.

ఫోన్లో ఫ్రీగా చదవొచ్చంటున్నారు. అది దొంగతనం కాదా?

కాదు. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. బాపిరాజు 1952లో పోయారు కాబట్టి 2012 చివరితో అది తీరిపోయింది. 2013 నుంచి ఆయన రచనలు అందరివీ. తెలుగు వికీసోర్స్‌లో ఆయన నవలలు కొన్ని చదువుకోవడానికి వీలుగా పెట్టారు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత ముద్రణల స్కాన్లు ఉన్నాయి.

అయితే ఈమధ్య వేసిన ముద్రణలకు ఎవరైనా రాసిన ముందుమాటలు, కొత్త అట్ట బొమ్మలు వాళ్ళవే. వాటిని కాపీ చేసి పంచకండి.

స్కాన్ కాపీలో అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, కళ్ళు లాగుతున్నాయి.

ఫోన్ అడ్డంగా తిప్పి ఒక్కో సగం పేజీ చదవండి. అప్పటికీ కష్టమైతే వికీసోర్స్‌కు వెళ్ళండి. అక్కడ అక్షరాలు టైపు చేసినవి కాబట్టి సైజు పెంచుకోవచ్చు. అరవై దాటిన మా సభ్యులు కొందరు అచ్చు పుస్తకం తప్ప ముట్టరు. వాళ్ళదే రైటు అనిపిస్తుంది నాకు.

## చదువుతుండగా

మొదటి అధ్యాయాల్లోనే పేర్లతో తల తిరుగుతోంది. ఎవరు ఎవరికి ఏమవుతారు?

‘గోన గన్నారెడ్డి’ గురించే అడుగుతున్నారనుకుంటాను, ఎక్కువమంది అక్కడే ఆగుతారు. ఒక కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి. ఒకటి ఓరుగల్లు: ముసలి చక్రవర్తి గణపతిదేవుడు, కూతురు రుద్రమ, మంత్రి శివదేవయ్య. రెండోది వర్ధమానపురం: గన్నారెడ్డి పినతండ్రి లకుమయారెడ్డి, అతని కొడుకు వరదారెడ్డి. ఎత్తుకుపోబడ్డ పెళ్ళికొడుకు ఈ వరదారెడ్డే. మూడోది ఆదవోని: కోటారెడ్డి, అన్నాంబిక. నాలుగోది అడవి: గన్నారెడ్డి, అతని మనుషులు. కొత్త పేరు తగిలినప్పుడల్లా ఏదో ఒక గడిలో వేసుకోండి.

గజదొంగ అని పేరు పడ్డవాడు నిజానికి ఎవరి పక్షం? నవల మొత్తాన్ని లాక్కెళ్ళే ముడి ఇదే. ఆ ఒక్కటి మనసులో పెట్టుకుంటే మిగతా పేర్లు తర్వాత అవే కుదురుకుంటాయి.

భాష గ్రాంథికమా? నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను, అర్థమవుతుందా?

కథనం వ్యావహారికమే. మాటలు రాజసభలో కాస్త బిగుసుకుంటాయి, స్నేహితుల మధ్య వదులవుతాయి. ఇబ్బంది వచ్చేది వర్ణనల దగ్గర. అక్కడ సంస్కృత సమాసాలు వరసగా వస్తాయి. ప్రతి మాటకూ నిఘంటువు తీయొద్దు. వాక్యం మొత్తం ఒకసారి పైకి చదవండి, సగం అర్థం చెవికే తెలుస్తుంది. మా గుంపులో ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి మొదట టెన్షన్ పడింది. యుద్ధం మొదలయ్యేసరికి మాకంటే ముందుకు వెళ్ళిపోయి, చివర్లో ఏమవుతుందో చెప్పకుండా ఆపడం మా వల్ల కాలేదు.

ఘడియ, జాము, క్రోసు... ఈ లెక్కలేంటి?

రోజుకు 60 ఘడియలు, ఘడియ అంటే 24 నిమిషాలు. జాము అంటే 3 గంటలు. క్రోసు సుమారు 2 మైళ్ళు. ఇవి తెలిస్తే వెంటాడే సన్నివేశాలు మరీ బాగుంటాయి. రెండు ఘడియల్లో దళం వస్తుందని రాస్తే ముప్పావు గంటే టైముందని గుర్రం మీద ఉన్నవాడితో పాటు మనకూ తెలుస్తుంది.

వర్ణనలు దాటేసి కథ మాత్రం చదవొచ్చా?

మొదటిసారి దాటేయండి, ఎవరూ కొట్టరు. కానీ మూడు చోట్ల దాటొద్దు: పండగలు, సేనలు కదిలే దృశ్యాలు, శిల్పి గానీ నర్తకి గానీ పని చేస్తున్న చోట్లు. అవి కథకు అడ్డం కాదు, కథ అక్కడే ఉంది. రాజోద్యానవనాల వెన్నెల రాత్రులు మాత్రం నేనూ కొన్ని దాటేశాను. అన్నీ ఒక్క వెన్నెలే.

అందరూ అంత అందగాళ్ళేనా? హీరో ఒక్కసారి కూడా ఓడడా? అతిగా లేదూ?

ఉంది. ఆయన్ని ప్రేమించేవాళ్ళు కూడా ఇది ఒప్పుకోవాలి. మంచివాళ్ళందరూ అందంగా ఉంటారు, వీణ వాయిస్తారు, కత్తి తిప్పుతారు, పద్యం చెబుతారు. యాదృచ్ఛికంగా కలుసుకోవడాలు ఎక్కువ. ‘ఆంధ్రుల’ గొప్ప చెప్పేటప్పుడు గొంతు పెరుగుతుంది. స్వాతంత్ర్యం, ఆంధ్ర రాష్ట్రం రెండూ ఇంకా రాని రోజుల్లో రాస్తున్న మనిషి అని గుర్తుపెట్టుకుంటే ఆ గొంతు ఎందుకు పెరిగిందో తెలుస్తుంది. తెలిసినంత మాత్రాన ప్రతి చోటా నచ్చాలని లేదు.

నాకు నచ్చేది ఆయన ఆడవాళ్ళు. వాళ్ళు ఎవరో వచ్చి కాపాడతారని ఎదురుచూస్తూ కూర్చోరు. అన్నాంబికను చూడండి. పీటల మీద పెళ్ళి ఆగిపోయిన పిల్ల ఆ రోజుల నవలల్లో అయితే ఏడుస్తూ మూల కూర్చోవాలి. ఈమె కూర్చోదు. ఇక రుద్రమ రాజ్యం ఏలే మనిషిగానే కనిపిస్తుంది, మగవేషం వేసిన వింతగా కాదు.

పిల్లలకు చదివి వినిపించొచ్చా?

పదీ పన్నెండేళ్ళ వాళ్ళకు ‘గోన గన్నారెడ్డి’ బాగా నచ్చుతుంది. పెళ్ళి మీద దాడి ఒక రాత్రికి సరిపోతుంది, సగంలో ఆపండి. శృంగార వర్ణనలు అక్కడక్కడా వస్తాయి, ముందే ఒకసారి చూసుకోండి. ‘హిమబిందు’ కాస్త పెద్దయ్యాక ఇవ్వండి.

## నిజమెంత, కల్పన ఎంత

గోన గన్నారెడ్డి నిజంగా ఉన్నాడా?

ఉన్నాడు. గోన వంశం వాళ్ళు కాకతీయుల సామంతులు, వర్ధమానపురం నుంచి ఏలారు. అది ఇవాళ్టి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమాను. ద్విపదలో రంగనాథ రామాయణం చెప్పిన గోన బుద్ధారెడ్డిది ఆ ఇల్లే. గన్నారెడ్డి పేరు శాసనాల్లో ఉంది.

అతను అడవుల్లో గజదొంగగా తిరిగాడనడం మాత్రం నవలాకారుడి ఊహ. శాసనాలు రాజుల బిరుదులు చెబుతాయి. బిరుదుకు వెనక ఉన్న మనిషిని ఊహించుకోవడం బాపిరాజు చేసిన పని.

మా ఆదోని కోటారెడ్డి, అన్నాంబిక కూడా నిజమేనా?

వాళ్ళు నవలలో మనుషులు. కానీ గోన వాళ్ళకూ ఆదోనికీ సంబంధం కల్పన కాదు. దానికి సాక్ష్యం రాయచూరు కోటలో ఉంది. లోపలి కోట గోడలో సుమారు 41 అడుగుల పొడవున్న ఒకే బండ, దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. గోన గన్నారెడ్డి కింద ఉన్న విఠలుడు ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలు గెలిచి రాయచూరు చేరి ఈ కోట కట్టించాడని ఆ శాసనం చెబుతుంది. తుంబళమంటే ఆదోని దగ్గరి పెద్దతుంబళమే. మానువ అంటే ఇప్పటి మాన్వి.

తేదీ చూశారా, 1294. రుద్రమ 1289లోనే పోయింది. అంటే విఠలుడి గెలుపు ప్రతాపరుద్రుడి కాలం నాటిది. బాపిరాజు ఆదోనిని పట్టుకొచ్చి ముప్పై ఏళ్ళు ముందుకు, రుద్రమ తొలిరోజుల్లోకి జరిపాడు. చరిత్ర విద్యార్థికి ఇది తప్పు. నవల చదివేవాడికి, ఆదోని లేకపోతే ఆ మొదటి అధ్యాయమే లేదు. నేను రెండో పక్షం.

రుద్రమను చంపింది మన కడప వైపు రాజేనంట, నిజమేనా?

కాయస్థ వంశపు అంబదేవుడి గురించిన మాట అది. కడప దగ్గరి వల్లూరు రాజధానిగా ఏలాడు. అతని ముందువాళ్ళు కాకతీయులకు నమ్మకమైన సామంతులు, ఇతను తిరగబడ్డాడు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నవంబరు నాటి శాసనం రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించారని చెబుతుంది. అంబదేవుడి 1290 నాటి త్రిపురాంతకం శాసనం అతని విజయాలు ఏకరువు పెడుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, అంబదేవుడితో యుద్ధంలోనే ఆమె పోయి ఉంటుందని చరిత్రకారులు చాలామంది అనుకుంటారు. ‘ఫలానావాడు చంపాడు’ అని నేరుగా రాసిన రాయి మాత్రం లేదు.

వల్లూరు వైపు నుంచి ఈ కథను ఎవరైనా నవలగా రాయాలి. అంబదేవుడు విలనా, తన నేల కోసం తిరగబడ్డవాడా అన్నది కడపలో కూర్చుంటే ఒకలా కనిపిస్తుంది, ఓరుగల్లులో కూర్చుంటే ఇంకోలా.

సినిమాలో గన్నారెడ్డి తెలంగాణ యాసలో పంచ్‌లేస్తాడు. నవలలో అలా లేడే?

2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో అల్లు అర్జున్ వేసిన పాత్ర గురించి కదా. ఆ సినిమా పుణ్యమా అని గన్నారెడ్డి పేరు కుర్రాళ్ళకు తెలిసింది, అందుకు సంతోషం. నవలలో గన్నారెడ్డి చాలా తక్కువ మాట్లాడతాడు. అతని గురించి మిగతావాళ్ళు మాట్లాడుకుంటారు, భయపడతారు, కథలు అల్లుతారు. సినిమాలో హీరో కనిపించకుండా పేరు పెరగడం కుదరదు. నవలలో కుదిరింది.

‘అడవి శాంతిశ్రీ’ పేరు బాపిరాజు ఇంటిపేరుతో పెట్టుకున్నదా?

చాలామంది అలాగే అనుకుంటారు. కాదు, నాగార్జునకొండ శాసనాల్లో ఆ పేరు ఉంది. అడవి చాంతిసిరి ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి కూతురు, మహాసేనాపతి ఖంద విశాఖణకుడి భార్య. ఒక శాసనంలో ఒక్క వరసలో ఉన్న రాజకుమారి పేరు పట్టుకుని మొత్తం నవల కట్టాడు. ఆ పేరులో తన ఇంటిపేరు లాంటి మాట కనబడితే ఆయన మురిసిపోయి ఉంటాడని నా అనుమానం.

గన్నారెడ్డి మా వాళ్ళేనంటూ గ్రూపులో ఒకరు గొడవ పెట్టారు. ఏం చెప్పాలి?

నవల చదివి రమ్మనండి. చదివినవాడు గొడవ పెట్టడు, చదవనివాడు తిరిగి రాడు.

## చదివాక

నవల అయిపోయింది. చూసి రాదగ్గ చోట్లు ఏమున్నాయి?

మొదట రాయచూరు. ఆదోని, మంత్రాలయం రోడ్డు, రాయచూరు ఒకే రైలు దారిలో ఉన్నాయి, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కోటలో ఆ పొడవాటి శాసనం బండ దగ్గర తొందరపడకండి. అక్షరాల పక్కనే గోడ మీద గీతల్లా చెక్కిన బొమ్మలు ఉంటాయి. ఇదే బండను క్వారీ నుంచి ఎలా తెచ్చారో బొమ్మ కట్టి పెట్టారు. కర్ర చక్రాల బండి మీద బండ, ముందు దాన్ని లాగుతున్న దున్నల బారు, చక్రాల కింద మీటలు వేసి తోస్తున్న మనుషులు. రాజుల పేర్లు శాసనంలో ఉన్నాయి, పని చేసినవాళ్ళు బొమ్మలో ఉన్నారు. ఎండ ఏటవాలుగా పడే వేళ అయితే గీతలు తేటగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం వెళితే ఏమీ ఆనవు.

పెద్దతుంబళం ఆదోనికి దగ్గర, పాత గుళ్ళున్నాయి. ఆదోని కోట కొండ ఎక్కాలంటే ఎండాకాలం వద్దు. ఇప్పుడు అక్కడ కనిపించే కట్టడాల్లో ఎక్కువ భాగం కాకతీయుల తర్వాతి కాలాలవి. కోటారెడ్డి పెళ్ళిపందిరి కోసం వెతక్కండి. కడప వాళ్ళకు వల్లూరు ఇంటి పక్కనే.

శాసనాల గురించి ఇంకా లోతుగా చదవాలంటే?

కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయం ఉంది. బ్రౌన్ దొర ఒకప్పుడు ఉన్న స్థలంలో కట్టింది. పాత పుస్తకాల కోసం మన సీమ జిల్లాల్లో నేను ముందు చెప్పే చోటు అదే. నవల చేత్తో పట్టుకుని వెళ్ళి ఈ కాలం శాసనాలు కావాలని అడగండి.

బాపిరాజు తర్వాత ఎవర్ని చదవాలి?

నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’. అదే రాణి, వేరే చెయ్యి. నోరి వారు రేపల్లెలో వకీలు. తెలుగు కవుల్ని మధ్యలో పెట్టి వాళ్ళ కాలాల్ని నవలలుగా రాశారు. బాపిరాజు పరుగెత్తే చోట ఆయన ఆగి వాదిస్తారు. ఒకదాని వెంట ఒకటి చదివితే ఎవరి బలం ఏదో తెలుస్తుంది. మన నేల దాటి వెళ్ళాలనిపిస్తే తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ ఉంది. తంజావూరు నాయకరాజుల పతనం మీద మల్లాది వసుంధర నవల ఉంది. మధుర నాయకుల కాలానికి విశ్వనాథ ‘ఏకవీర’.

చిన్నవి కావాలంటే బాపిరాజు కథలే ఉన్నాయి. ‘హంపీ శిథిలాలు’తో మొదలుపెట్టండి. మనలో హంపి చూడని వాళ్ళు తక్కువ కదా.

మా ఊళ్ళో కూడా ఇలా చదివే గుంపు పెట్టాలనుంది. ఎలా నడపాలి?

ఎక్కువ మంది వద్దు, ఆరేడుగురు చాలు. నవల మొత్తం చదివి రమ్మంటే ఎవరూ రారు. ఒక భాగం అనుకుని, అందులో తలా ఒక పేజీ పైకి చదవండి, మిగతా సమయం మాటలకే వదిలేయండి. పైకి చదివితే ఆయన వాక్యాల ఊపు పట్టుబడుతుంది. అర్థం కాని మాట ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. మాలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకరున్నారు గానీ, సేద్యపు పనిముట్లూ ఎడ్ల పేర్లూ వచ్చినప్పుడు ఆయన కూడా పత్తికొండ నుంచి వచ్చే రైతు వైపే చూస్తారు.

ఉపన్యాసాలు, శాలువాలు పెట్టుకోకండి. చదవని వాళ్ళను తిట్టకండి. పుస్తకం ఎవరి దగ్గరుందో ఒక నోట్‌బుక్కులో రాసుకోండి, లేకపోతే అది తిరిగి రాదు.